ఆంగ్లవాక్యమున చిన్నమాటలు



ఇంట తెలుగు, బజారున బంగాళీ, హిందీ, కార్యాలయపు కాగితమున ఆంగ్లము. ఖరగపూరు రైల్వే ఉద్యోగి ప్రతిదినము ఇన్ని భాషలు దాటుచుండును. పెద్దమాటలవద్ద అతడు తొట్రుపడడు. చిక్కెల్ల 'ఇన్', 'ఆన్', 'ఏ', 'ది' అను పిల్లమాటలవద్దనే.

ఇందులకు కారణము తెలివితక్కువ కాదు. మన విభక్తి ప్రత్యయము నామమునకు వెనుక చేరును. ఆంగ్లమున ఆ పని చేయు మాట ముందు నిలుచును. పైగా మన 'లో' ఒక్కటియే పెక్కు పనులు నిర్వహించును. 'గదిలో' అనగా 'ఇన్ ది రూమ్'. 'స్టేషనులో' అనగా 'ఎట్ ది స్టేషన్'. 'బండిలో' అనగా 'ఆన్ ది ట్రెయిన్'. 'సెలవులో' అనగా 'ఆన్ లీవ్'. 'లో' కనబడినచోటనెల్ల 'ఇన్' వ్రాయువాడు ఈ నాలుగింట మూడు తప్పును. అట్లే 'గురించి చర్చించుట' మనకు అలవాటగుటచే 'డిస్కస్' వెనుక 'అబౌట్' తగిలింతుము. ఆంగ్లము దానిని కోరదు.

ఇక 'ది'. తెలుగున దీనికి సరియైన జత లేదు. కాని ఖరగపూరు పిల్లలకు ఇరుగుపొరుగుననే ఒక సదుపాయము కలదు. బంగాళీలో 'ఏక్‌టా బొయి' అనగా ఏదో యొక పుస్తకము. 'బొయిటా' అనగా ఇదివరకే తెలిసిన ఆ పుస్తకము. మొదటిది 'ఏ బుక్', రెండవది 'ది బుక్'. ఆటస్థలమున బంగాళీ నేర్చిన బాలునికి ఈ భేదము తండ్రికంటె ముందే తెలియును. (తండ్రులు మన్నింతురుగాక.) అయితే 'ది కంసావతి' అని నదికి ముందు 'ది' ఏల వచ్చునో బంగాళీ చెప్పజాలదు, అది వాడుకవలన నేర్వవలసినదే.

ఊరి ప్లాట్‌ఫారమునే చూడుడు. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారము ప్రపంచమున 'ది లాంగెస్ట్' అని చిరకాలము పేరుపడినది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి. నేడు 'వన్ ఆఫ్ ది లాంగెస్ట్' అని వ్రాయవలెను.

కార్యాలయమున ఈ పట్టింపు వట్టి పాండిత్యము కాదు. గుమాస్తా సామానునకు 'ఇన్ ఛార్జ్ ఆఫ్' అనిన సామాను అతని అధీనమున ఉన్నది. నడుమ 'ది' చేర్చి 'ఇన్ ది ఛార్జ్ ఆఫ్' అనిన, అతడే సామాను అధీనమున ఉన్నట్లగును! లెక్క తగ్గి విచారణ వచ్చిననాడు ఇది నవ్వుటకు తగిన తప్పు కాదు. 'బై ఫ్రైడే' జవాబు కోరినచో బుధవారమే పంపవచ్చును. 'ఆన్ ఫ్రైడే' అనిన శుక్రవారమే పంపవలెను.

సమాజములకును ఈ బాధ తప్పదు. ఆహ్వానపత్రమున 'ది సెక్రటరీ అండ్ ట్రెజరర్' అని యుండిన ఒక్కరు, 'ది సెక్రటరీ అండ్ ది ట్రెజరర్' అని యుండిన ఇరువురు. దండలు కొనబోవువారు అచ్చుప్రతిని ఒకమారు చదివికొని పోవుట మేలు.