చైత్రపు ఎండ, కొండగాలి

(ఖరగ్‌పూర్‌లో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంతులుగారు పంచాంగం చదివి, ఈ ఏటి మేఘాధిపతి ఎవరో, సస్యాధిపతి ఎవరో, వాన ఎంతో మనకు వినిపించారు. ఆ వెనువెంటనే గాలివానను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను ముగించి రైల్వే ఆఫీసులో కాగితాలు రాసుకునేవాణ్ణి. అయినా మా పక్క ఈ రోజులలో ఋతువు ఎట్లా తిరుగుతుందో చూసి పెరిగినవాణ్ణి గనుక నాలుగు మాటలు మనవి చేస్తాను.

మాది నాగరగెరె. కర్ణాటక రాష్ట్రం చిక్కబళ్ళాపురం జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న హోబళి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. బాగేపల్లి, చింతామణి వైపు కూడా ఇంతే. కైవారం తాతయ్యగారు తెలుగులో తత్వాలు చెప్పింది ఆ చింతామణి తాలూకాలోనే. చుట్టూ రాతికొండలు, నడుమ చెరువులు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని ఆ కొండలలోనే పుట్టినా, ఏడాది పొడుగునా పారే ఏరు మాత్రం మా జిల్లాలో ఒక్కటీ లేదు. పుట్టినింటిలో నిలవని ఆడపిల్లలవలె నీళ్ళన్నీ కిందికి, మన ఆంధ్రదేశానికి వెళ్ళిపోతాయి. అందుచేత మావాళ్ళు ఎప్పుడూ ఆకాశం చూస్తూనే ఉంటారు.

శివరాత్రి దాటగానే ఎండ ముదురుతుంది. అయినా మా సీమ ఎత్తైన పీఠభూమి గనుక, బళ్ళారి, కడపల వలె నిప్పులు చెరగదు. ఆ మాట కూడా ఈ మధ్య తప్పుతున్నది. మాకు దాపుననున్న బెంగళూరులో 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదైంది. క్రోధి నామ సంవత్సరంలో ఉగాది 2024 ఏప్రిల్ 9న వచ్చింది. ఆ నెలంతా వాన జాడలేదు. ఏప్రిల్ 28న వేడి 38.5 డిగ్రీలకు ఎక్కింది. మే నెల మొదటివారంలో గాలి తిరిగింది, మబ్బు పట్టింది, వాన దిగింది. భరణి కార్తె అన్నమాట. భరణి కురిస్తే ధరణి పండునని పెద్దలు ఊరకే అనలేదు.

ఈ మార్పు ఎట్లా వస్తుందో చూడండి. పొద్దున ఎండ చురుక్కుమంటుంది, ఆకు కదలదు. మధ్యాహ్నం మూడు గంటలకు కొండవెనుక తెల్లమబ్బు కాలీఫ్లవరు పువ్వువలె పైపైకి పెరుగుతుంది. అడుగున నల్లబడుతుంది. తరువాత ఒక్కసారిగా చల్లని సుడిగాలి, దుమ్ము, ఆ వెనుక పెద్ద పెద్ద చినుకులు. ఒక్కొక్కనాడు వడగండ్లు. గంటలో అంతా ముగుస్తుంది. మరునాడు ఎండ కాయవచ్చు, మళ్ళీ గాలి లేవవచ్చు. నిలకడ ఉండదు.

కారణం ఏమంటే, ఎండకు కాగిన నేలమీది గాలి తేలికై పైకి పోతుంది. సముద్రాల వైపునుంచి తేమగాలి లోపలికి వస్తుంది. కొండలు దానిని పైకి నెడతాయి. పైన చల్లబడి మేఘమవుతుంది. ఆ మేఘంనుంచి పడే చినుకులు కింది పొడిగాలిలో కొంత ఆవిరైపోతూ ఆ గాలిలోని వేడిని లాగుకుంటాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకి, నేల తగిలి నాలుగు దిక్కులా పరుగెత్తుతుంది. అందుకే వానకంటె ముందు గాలి వస్తుంది. వట్టివేళ్ళ తట్టికి నీళ్ళు చల్లితే గది చల్లబడడం ఎందువల్లనో, ఇదీ అందువల్లనే.

ఖరగ్‌పూర్ వాసులకు ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడ కాల్‌బైశాఖి అనేది దీని తోబుట్టువే. ఛోటానాగపూర్ వైపు వేడిగాలీ, బంగాళాఖాతపు తేమగాలీ కలిసినప్పుడు అది పుడుతుంది. మా పక్క వీటిని మామిడి జల్లులంటారు. కొడగు, చిక్కమగళూరులలో ఇవే కాఫీ పూత విచ్చే జల్లులు.

ఇంతవరకు చెప్పింది చల్లదనం కథ. చల్లదనం కోసమే దొరలు నందికొండమీద బంగళాలు కట్టుకున్నారు. గాంధీ మహాత్ముడు 1927లోను, 1936లోను వేసవిలో ఆరోగ్యం కొరకు ఆ కొండమీదనే విశ్రమించారు. నందికొండ ఎత్తు 1478 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది గనుక, కింది పొలాలకూ కొండకొమ్ముకూ నాలుగైదు డిగ్రీల తేడా. ఇక గాలివాన పడితే అడగవలసిన పని లేదు.

కాని కొండమీద విశ్రమించేవారికి ఒక లెక్క, కొండకింద బ్రతికేవారికి ఒక లెక్క. అసలు నేను మనవి చేయదలచినది ఇదే. ఈ వాన పడితే వేసవి దుక్కి సాగుతుంది, చెట్టుమీది మామిడికాయ ఊరుతుంది, పశువులకు నాలుగు పరకల గడ్డి మొలుస్తుంది. ఆ వానతో వచ్చే గాలి మాత్రం పక్వానికి రాని కాయను రాల్చిపోతుంది. రాలినకాయకు ధర ఏముంది? ఊరగాయకు అడిగినంతకు ఇచ్చుకోవలసిందే. చిక్కబళ్ళాపురం ద్రాక్షతోటలమీద పావుగంట వడగండ్లు పడితే ఏడాది కష్టం పందిరికింద పడి ఉంటుంది.

పట్టుపురుగుల సంగతి ఇంకా సున్నితం. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టును నమ్ముకుని మా జిల్లాలో వేల కుటుంబాలున్నాయి. పెద్ద పురుగుకు ఇరవైనాలుగు, ఇరవైఆరు డిగ్రీల వేడి చాలు. ఎండ మించితే జబ్బు. వాన వస్తే తడిసిన మల్బరీ ఆకు పెట్టరాదు, తుడిచి ఆరబెట్టాలి. చంద్రికల మీద గూడు అల్లే రోజులలో గదిలో తేమ నిలిస్తే దారం సరిగా రాదు, ధర పడిపోతుంది. కిటికీ మూయాలా, తెరవాలా అని రాత్రంతా మేలుకొని చూసుకునేది ఆ ఇంటి ఆడవారే.

ఇక్కడినుంచి మనం ఫోను చేసి, “ఏమ్మా, అక్కడ చల్లబడిందా?” అని అడుగుతాము. “చల్లబడింది నాయనా, హాయిగా ఉంది” అంటారు. తల్లిదండ్రులు దూరాననున్న బిడ్డకు మరొకటి చెప్పరు. గనుక మనమే రెండవ ప్రశ్న వేయాలి: “గాలి ఎట్లా వచ్చింది? కాయ నిలిచిందా? పురుగు ఏ జ్వరంలో ఉంది?” ఈ మాట అడిగితే వారు మనసు విప్పుతారు.

అడగడంతో ఆగకుండా రెండు పనులు కూడా చేయవచ్చు. ప్రభుత్వంవారి వాతావరణ ఆధారిత పంట బీమా 2016 నుండి కొత్తరూపంలో నడుస్తున్నది. ఏ తాలూకాలో ఏ పంటకు వర్తిస్తుందో, ప్రీమియం గడువు ఎప్పుడో కనుక్కోవాలి. గడువు దాటితే ఏడ్చి లాభం లేదు. మనలో సగంమంది గుమాస్తాలము. ఫారాలు నింపడమే మన విద్య. ఆ విద్య ఇంటివారికి కాక ఎవరికి?

రెండవది పిడుగు. వేసవి సెలవులకు పిల్లలను ఊరికి పంపుతాము. వారు మామిడికాయలకోసం గాలివానలోనే చెట్లకిందికి పరుగెత్తుతారు. ఉరుము వినబడితే చెట్టుకింద నిలవరాదనీ, గట్టి ఇంటిలోకి రావాలనీ, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి పోరాదనీ చెప్పి పంపండి. పిడుగు హెచ్చరికకు దామిని అనే యాప్ ఉన్నది. ఊరిలో పెద్దల ఫోనులో దానిని పెట్టి, చూడడం నేర్పి రండి.

ఉగాది పచ్చడిలో వేపపువ్వూ, బెల్లమూ ఒకే ముద్దలో తింటాము. చైత్ర వైశాఖాల గాలివాన కూడా అటువంటిదే. చల్లదనం మన నాలుకకు తగిలి, చేదు మనవారి పాలికి మిగలకుండా చూసుకోవడం దూరాననున్న బిడ్డల ధర్మం.

ఈ సంవత్సరం భరణి చక్కగా కురిసి, గాలి నెమ్మదిగా వీచి, అందరి ఇండ్లలో గాదెలు నిండాలని కోరుతున్నాను.