పోయిన వర్తకము, మిగిలిన మందిరము

హైదరాబాదు పాతనగరమున గౌలిపుర మా పేట. నగరప్రాకారమునకు పూర్వము 13 దర్వాజాలుండెను. నేడు నిలిచియున్నవి పురానాపూల్, దబీర్‌పుర రెండు మాత్రమే. మా గౌలిపుర దర్వాజా పేరుగనే మిగిలినది. ఒక వృత్తి పోయిన పిదప ఊరికి మిగులున దేమి? ఈ విచారణకై మా పేటలో వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు పోయి, మాంచెస్టరు, లివర్పూలు నగరములను చూచివచ్చితిని.

మాంచెస్టరు పేరు వినని వృద్ధులు మన పల్లెలలో అరుదు. మన సాలెల మగ్గములను మూలబెట్టించిన మిల్లుగుడ్డ ఆ సీమదే. 1913లో లాంకషైరు సుమారు 700 కోట్ల గజముల బట్టను పరదేశములకు పంపెను. అందు మిక్కిలి కొన్నది మన దేశమే. తరువాత మహాయుద్ధము, జపాను పోటీ, మన మిల్లులు, స్వదేశీవ్రతము, ఇన్నియు చేరి ఆ వ్యాపారమును క్రుంగదీసెను. 1931లో గాంధీగారు అచ్చటికి పోగా, మిల్లులలో పనిచేయు స్త్రీలు ఆయనను ఆదరముతో చుట్టుముట్టిరి. కష్టమనుభవించువారే మరియొకరి కష్టము నెరుగుదురు గాబోలు!

ఆ నగరమధ్యమున రాయల్ ఎక్స్‌చేంజి అను మహామందిరము కలదు. వర్తకులు వేలకొలది గుమిగూడి ప్రత్తి, నూలు, బట్టల బేరములు అచ్చట చేసెడివారు. 1968లో బేరములు నిలిచిపోయెను. 1976లో అందే నాటకశాల తెరచిరి. పాతనేల అంత బరువు నోర్వజాలదని, ఉక్కుతోను అద్దములతోను రంగశాలను నిర్మించి, దాని భారమును మందిరపు నాలుగు పెనుకంబములపై మోపిరి. పైనున్న పలకమీద కడపటినాటి ధరలను నేటికిని చెరుపకుండ నుంచిరి. మా పిల్లలు నాటకశాలకంటె ఆ పలకనే ఎక్కువసేపు చూచిరి. “అయ్యా, ఈ నూలు వడకినవారి మనుమలు ఇప్పు డేమి చేయుచున్నారు?” అని ఒక బాలిక యడిగెను. మందిరమును చూపువారు దాని కుత్తరము చెప్పలేదు.

సమీపమున సాల్ఫర్డు ఓడరేవు 1982లో మూతపడెను. 2011 నుండి అచ్చట బి.బి.సి. వారి కచేరీలున్నవి. మూటలు మోసిన చేతులకు అందు కొలువు దొరకుట యెట్లు? రేడియోలో కూర్చుండి నేనే యీ మాట యనుట వింతయే.

లివర్పూలున 1972లో మూతపడిన ఆల్బర్టు డాకును 1988లో చిత్రశాలతో మరల తెరచిరి. బానిసల వర్తకముతో బలిసిన ఆ నగరము, 2007లో తన పాపమును తానే చూపు ప్రదర్శనశాలను అందు నెలకొల్పెను. ఇది మెచ్చదగినది. కాని క్రొత్తకట్టడములవలన రేవు పాతరూపు చెడెనని యునెస్కోవారు 2021లో దానిని ప్రపంచవారసత్వపు పట్టికనుండి తొలగించిరి. కావున వారి నన్నింట గురువులుగ నెంచనక్కరలేదు.

మన వరంగల్లున 1934లో నెలకొనిన ఆజంజాహీ మిల్లు వేలకుటుంబములకు అన్నము పెట్టి మూతపడెను. అచ్చట ధరల పలక నుంచిన వారు లేరు. అందుచే మా విద్యార్థులు వచ్చు సెలవులలో వరంగల్లు పరిసరగ్రామములకు పోయి, ఆ మిల్లులో పనిచేసిన వృద్ధులవలన పనుల పేర్లు, కూలిలెక్కలు, పనివేళలు విని వ్రాసికొన నిశ్చయించిరి. మీ యూర నట్టివారున్నయెడల, పిల్లలు వచ్చినప్పుడు దయచేసి వారి యిల్లు చూపుడు.