డయాలసిస్‌లో ఉన్నవాళ్ళ గుండెని కూడా కనిపెట్టుకోవాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము బరంపురం నేతగాళ్ళం.

ప్రతి ఏడూ మేము నూలు ధర గురించీ, రావలసిన బకాయిల గురించీ మాట్లాడుతాము. ఈసారి కిడ్నీ జబ్బు గురించి చెప్తామని అడిగి ఈ పది నిమిషాలు తీసుకున్నాం. మేము డాక్టర్లం కాము, మా చదువు ఎనిమిదో తరగతి. డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చుని, డాక్టర్లని అడిగి తెలుసుకున్నదే చెప్తున్నాము.

ఉద్దానం మాకు దూరం కాదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు మా వియ్యాలవారు, ఆడపడుచులు ఉన్నారు. అందుకని డయాలసిస్ అనే మాట మా పిల్లలకి కూడా తెలుసు. 2016 నుంచి జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చి జిల్లా ఆసుపత్రుల్లో పేదలకి ఉచితంగా చేస్తున్నారు. ఇక భయం లేదనుకున్నాం. ఈ రోగుల ప్రాణం ఎక్కువగా గుండె జబ్బుతోనే పోతుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా సభ్యుడొకాయనకి సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగేసి గంటలు డయాలసిస్. మా సొసైటీలో మజూరీ ఇచ్చేది సోమవారం. మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని రూలు. ఒక సోమవారం ఆయన ఆసుపత్రి మానేసి మా ఆఫీసుకి వచ్చాడు. కాళ్ళు వాచి ఉన్నాయి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. మేమే కూర్చోబెట్టి, నీరసం తగ్గుతుందని కొబ్బరి బోండాం తెప్పించి తాగించాము. ఆ రాత్రి గుండె ఆగిపోయింది. ఆ రూలు రాసింది మేమే.

తరువాత డాక్టరుగారు వివరంగా చెప్పారు. శుక్రవారం నుంచి సోమవారం దాకా వచ్చే పెద్ద ఎడమే గుండెకి గడ్డు కాలం. ఒంట్లో నీరు పేరుకుంటుంది, పొటాషియం పెరుగుతుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. అది మితిమీరితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. మంచివాళ్ళకి మేలు చేసేదే వీళ్ళకి ప్రమాదం.

రక్తనాళాల సంగతి కూడా చెప్పారు. కిడ్నీ పనిచేయకపోతే ఫాస్ఫరస్ బయటికి పోదు. అది కాల్షియంతో కలిసి నాళాల గోడల్లో పేరుకుంటుంది. గంజి ఎక్కువైన పోగు ఎలా బిరుసెక్కుతుందో మనకి తెలుసు. నాళాలు కూడా అలాగే బిరుసెక్కుతాయి. వాటిలోకి రక్తం తోయడానికి గుండె ఎక్కువ కష్టపడి, దాని గోడ మందమైపోతుంది. అందుకే ఫాస్ఫరస్ మాత్ర రాస్తే అన్నంతో పాటే వేసుకోవాలి, విడిగా వేసుకుంటే అంత ఫలితం ఉండదు.

నీటికి లెక్క మన కాటా లాంటిదే. నూలు ఇచ్చినప్పుడు తూస్తాం, బట్ట తెచ్చినప్పుడు తూస్తాం. రోగి కూడా రోజూ బరువు చూసుకోవాలి. డయాలసిస్ అయ్యాక పెరిగిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు నీరే. మరీ ఎక్కువ పెరిగితే మిషను మీద ఒక్కసారిగా తీయాలి, అప్పుడు బీపీ పడిపోయి గుండె నలుగుతుంది. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది. ఊరగాయ, అప్పడం, ఎండుచేప పక్కన పెట్టాలి. బీడీ, గుట్కా పూర్తిగా మానాలి.

మగ్గానికి రెండు చేతులూ కావాలి కనుక ఫిస్టులా అంటే మనవాళ్ళు జంకుతారు. మామూలుగా వాటం లేని చేతికే వేస్తారు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి. నేయవచ్చా లేదా అనేది డాక్టరునే అడగండి.

పడుకుంటే ఊపిరాడకపోయినా, ఛాతీ పట్టేసినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి. షుగరు ఉన్నవాళ్ళకి నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు.

ఇప్పుడు మా సొసైటీలో డయాలసిస్ ఉన్న సభ్యుని మజూరీ ఇంటికే పంపుతున్నాం, నూలు కూడా ఇంటికే. సంతకం అక్కడే తీసుకుంటాం. దీనికి సొసైటీకి ఖర్చేమీ కాలేదు. ముందే చేసి ఉండవలసింది. మీ మీ సొసైటీల్లో కూడా ఆ రూలు ఒకసారి తీసి చూడండని చేతులెత్తి వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.