తేటనీరెల్ల మంచినీరు కాదు

(ప్రసంగ పాఠము)

బిందెడు నీరు తెచ్చి దింపగానే మన ఇండ్లలో మొదట చూచునది దాని తేట. పిమ్మట వాసన. ఆ తరువాత పుక్కిట పట్టి రుచి చూచెదరు. ఉప్పన లేదు, చేదు లేదు, ఆ నీటితో పప్పు మెత్తగా ఉడుకుచున్నది. ఇక మంచినీరే అని తీర్మానింతురు. తరతరములుగా పెద్దలు మనకు నేర్పిన పరీక్ష ఇది. దీనిని తేలికగా చూడరాదు. పప్పు ఉడకని నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు హెచ్చుగా నుండుననుట నిజమే. కాని ఈ పరీక్షకు చిక్కని దోషము ఒకటి కలదు. అది ఫ్లోరైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచియు తెలియదు. అంతే కాదు, ఫ్లోరైడు హెచ్చుగా నున్న నీటిలో తరచుగా కాల్షియము తక్కువగా నుండును. కనుక ఆ నీటిలో పప్పు చక్కగా ఉడుకును! మంచిదని మనము మెచ్చుకొన్న నీరే మన బిడ్డల యెముకలకు చేటు తెచ్చుట ఇట్లు సంభవించును.

ఈ దోషమును తొలగించు విధానములను గూర్చియు, అసలు తొలగింపవలసిన అగత్యమే రాకుండ మంచినీటిని నిలుపుకొను మార్గములను గూర్చియు ఈ పూట మనము ముచ్చటించుకొందము.

ఈ కథ తెలుగుగడ్డకు దూరమైనది కాదు. మన దేశమున నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధిని గూర్చి వైద్యులు తొలుత వివరముగా వ్రాసినది నెల్లూరు జిల్లాను గురించియే. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ఆ పరిశోధనను ప్రకటించిరి. నాటి నెల్లూరు జిల్లాలో చేరియుండిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో, అనగా నేటి ప్రకాశము పేరు వహించిన జిల్లాలో కలిసినవి. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ ప్రాంతములు ఈ బాధకు దేశమంతట పేరుపడినవి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇట్టి ప్రాంతముల పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుచుండుటను గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసిరి.

ఈ ఫ్లోరైడు ఎక్కడినుండి వచ్చును? ఎవరో కలిపినది కాదు. నేల అడుగున నున్న గ్రానైటు శిలలలో ఫ్లోరైటు, ఎపటైటు, అభ్రకము వంటి ఖనిజములు కలవు. వాన నీరు భూమిలోనికి ఇంకి, ఆ రాళ్ళ నెర్రెలలో ఏండ్ల తరబడి నిలిచియుండగా, వానిలోని ఫ్లోరైడు కొంచెము కొంచెముగా నీటిలో కరుగును. నీరు రాతితో ఎంతకాలము కాపురము చేసిన అంతగా దోషము పెరుగును. వానలు తక్కువయై, ఎండలు మెండైన మెట్ట ప్రాంతములలో ఇది మరింత హెచ్చు. ఇందులో మనము గుర్తింపవలసిన ముఖ్య విషయమొకటి కలదు. పై బావిలోని నీరు ఏటేటి వానకు క్రొత్తదగుచుండును. ఆ బావి ఎండిపోయినదని మనము గొట్టపుబావిని వందల అడుగులు దింపినప్పుడు చేతికి వచ్చునది చిరకాలము రాతిలో మగ్గిన నీరు. కావున నీటి కరవు వేరు, నీటి దోషము వేరు అని తలంపరాదు. పలుచోట్ల మొదటిదే రెండవదానిని తెచ్చి పెట్టుచున్నది.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. కొద్దిపాటి ఫ్లోరైడు పంటికి బలమే. మితి మీరిననాడు అదే పండ్లకు గోధుమరంగు చారలు తెచ్చును. ఏండ్లు గడచినకొలది కీళ్ళు బిగిసిపోవును, మెడ తిరుగదు, వెన్ను వంగును. పంటిపై పడిన మచ్చ చిగుళ్ళలో పండ్లు తయారగు తొలి ఎనిమిదేండ్లలో పడునది; పిదప ఎంత మంచినీరు త్రాగినను అది పోదు. ఎముకలకు పట్టిన వ్యాధిని పూర్తిగా మరల్చు మందును లేదు. కనుక ఇది చికిత్సతో తీరునది కాదు, జాగ్రత్తతో తప్పించుకొనవలసినది.

నల్లగొండ ప్రాంతమున ఒక పల్లెకు మేము వెళ్ళినప్పుడు, ఒక యింటి అరుగుమీద వృద్ధురాలు మనుమరాలికి గ్లాసుతో నీళ్ళు ఇచ్చుచుండెను. గొట్టపుబావి నీరేనా అవ్వా అని అడిగితిమి. ఆమె నవ్వి, "కాగవెట్టి సల్లార్చిన నీళ్ళే తాపుతున్న బిడ్డా, ఇంకేం భయం?" అనెను. ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. ఆమె శ్రద్ధలో లోపమేమియు లేదు. కాచుటవలన నీటిలోని సూక్ష్మక్రిములు చచ్చును. కలరా, విరేచనములు, టైఫాయిడు వంటివానికి అది మంచి రక్ష. కాని ఫ్లోరైడు క్రిమి కాదు, కరిగిన లవణము. కాగినప్పుడు నీరు ఆవిరియై పోవును, లవణము అడుగున మిగులును. కనుక కాచిన నీటిలో ఫ్లోరైడు తగ్గదు సరికదా, ఒకింత చిక్కబడును. కొవ్వొత్తి వడపోత పాత్రలును ఇందుకు పనికిరావు. ఏ దోషమునకు ఏ మందో తెలియనిచో శ్రద్ధయు వ్యర్థమగును.

ఇక శుద్ధి విధానములకు వత్తము. మడ్డినీటిని తేర్చు విద్య మనవారికి క్రొత్త కాదు. చిల్లగింజను కుండ లోపలి అంచున అరగదీసి నీరు పోసినచో మడ్డి అడుగునకు దిగుననుట పల్లెలలో పెద్దలెరిగినదే. పటిక ముక్కను త్రిప్పుటయు అట్టిదే. ఈ పటిక గుణమునే ఆధారము చేసికొని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకమున ఫ్లోరైడును తీయు విధానమొకటి రూపొందించిరి. దానికి వారు పెట్టిన పేరు నల్లగొండ విధానము. ఒక జిల్లా వ్యథ శాస్త్రగ్రంథములలో విధానము పేరై నిలిచినది.

పద్ధతి సులభమే. నలువది లీటర్లు పట్టు తొట్టికి అడుగునుండి కొన్ని అంగుళముల ఎత్తున కుళాయి బిగింతురు. నీటిలో మొదట కొద్దిగా సున్నమును, బ్లీచింగు పొడిని కలిపి, పిదప పటిక ద్రావణమును పోసి పది నిమిషములు మెల్లగా కలుపుదురు. పటికలోని అల్యూమినియము తెల్లని జిగురు తునకలుగా మారి, ఫ్లోరైడును తనతో పట్టుకొని గంటసేపటిలో అడుగున పేరుకొనును. పై తేటను కుళాయి ద్వారా తీసికొనవలెను. సున్నము పటిక పులుపును విరిచి అల్యూమినియము పూర్తిగా తేరుటకు తోడ్పడును. బ్లీచింగు పొడి క్రిములను చంపును.

అయినను ఇందు చిక్కులు లేకపోలేదు. ఏ నీటికి ఎంత పటిక కావలెనో ఆ నీటి క్షారగుణమును, అందలి ఫ్లోరైడును పరీక్షించిననే తెలియును. పొరుగువారి లెక్క మనకు పనికిరాదు. పటిక హెచ్చైనచో నీటి రుచి చెడును, అల్యూమినియము మిగిలిపోవు ప్రమాదమును కలదు. అడుగున మిగిలిన మడ్డిలో ఫ్లోరైడంతయు ఉండును గనుక దానిని బావి దాపున గాని చెరువు గట్టున గాని పారబోయరాదు. అన్నిటికంటె మించి, ప్రతి దినము ఓపికతో చేయవలసిన పని ఇది. మొదట ఉత్సాహముతో ఆరంభమై, పటిక అయిపోయిన నాడు ఆగిపోయిన తొట్లు పెక్కు.

మరియొక విధానము క్రియాశీల అల్యూమినా. ఆ గింజల నడుమనుండి నీరు పారునప్పుడు ఫ్లోరైడు వానికి అంటుకొనును. కొంతకాలమునకు గింజలు నిండిపోవును. అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లముతో తేర్చి మరల వాడవలెను. కడుగుట మరచినచో పాత్ర ఉన్నను ఫలము సున్న.

నేడు పట్టణములలోను, పల్లెలలోను విరివిగా కనబడునది రివర్సు ఆస్మోసిస్ యంత్రము. ఎండుద్రాక్షను నీట నానవేసినచో ఉబ్బుట మనమందరము చూచినదే. పలుచని పొరగుండ నీరు చక్కెర ఉన్న వైపునకు చొచ్చుకొనిపోవుటవలన అట్లు జరుగును. యంత్రములో ఒత్తిడి పెట్టి ఈ క్రియను తలక్రిందులు చేయుదురు. లవణములున్న నీటిని సన్నని పొరపై అదిమినచో నీరు దాటిపోవును, లవణములలో చాలభాగము వెనుక నిలిచిపోవును. ఫ్లోరైడు బాగుగనే తగ్గును. కాని ఇందులో వెల రెండు విధములు. మొదటిది, మేలు చేయు ఖనిజములు కూడ పోవుట. రెండవది, వ్యర్థమగు నీరు. ఇంటి యంత్రములు లీటరు నీరిచ్చుటకు రెండు మూడు లీటర్లను బయటకు వదలుట సామాన్యము. ఐదుగురున్న ఇంటికి త్రాగుటకు, వంటకు దినమునకు పాతిక లీటర్లు కావలెననుకొన్నచో, ఏబది మొదలు డెబ్బదియైదు లీటర్లు తూములో పోవుచున్నవన్నమాట. ఆ నీటిని ఇల్లు తుడుచుటకు, పాయిఖానా కడుగుటకు పట్టి యుంచుట మన కనీస ధర్మము.

వీని యన్నిటికంటె మేలైన ఉపాయము, వీలున్నచోట, దోషము లేని నీటినే తెచ్చుకొనుట. నదుల నీటిలో సాధారణముగా ఫ్లోరైడు తక్కువ. దానికి కావలసినది వేరు శుద్ధి. పటికతో మడ్డిని తేర్చి, ఇసుక పొరలలో వడకట్టి, క్లోరిన్ కలుపుదురు. మన కుళాయి వరకు చేరినప్పుడును లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. అది దారిలో చొరబడు క్రిములకు కావలి. ఆ కొద్దిపాటి వాసనకు ముఖము చిట్లించుకొనరాదు.

నల్లగొండ చరిత్రలో విచిత్రమేమనగా, నాగార్జునసాగరము ఆ జిల్లా ఒడిలోనే కలదు. 1955లో దానికి శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. 2004లో కృష్ణాజలము నల్లగొండ జిల్లాలోని కోదండాపురమున శుద్ధియై హైదరాబాదునకు చేరెను. ఆ తరువాతను అనేక గ్రామములు గొట్టపుబావి నీటితోనే కాలము గడపినవి. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము కృష్ణా, గోదావరి జలములను శుద్ధిచేసి గొట్టముల ద్వారా గ్రామములకు చేర్చుచున్నది. ఒక తరము వంగిన వెన్నులతో కోరిన నీరు అది. కాని గొట్టము వచ్చినంతమాత్రమున కథ ముగియదు. కుళాయి నీరు ఒక దినము రాకున్న మరల పాత గొట్టపుబావి వద్దకు పోవుట మనకు అలవాటు. చిన్నబిడ్డలున్న ఇంట ఆ అలవాటు కూడదు. గొట్టపుబావి నీరు బట్టలకు, అంట్లకు, పశువుల కొట్టము కడుగుటకు వాడుకొనవచ్చును. త్రాగుటకు, వంటకు మాత్రము నది నీరో వాన నీరో నిలువ యుంచుకొనవలెను.

వాన నీరంటిమి. ఆకాశమునుండి పడు నీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండనే ఉండదు. ఇక్కడ ఒక చిన్న లెక్క చేయుదము. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో నూరు లీటర్ల నీరు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడినచో డెబ్బది వేల లీటర్లు. అందు సగము పోయినను ముప్పదియైదు వేలు మిగులును. ఐదుగురి ఇంటికి దినమునకు పాతిక లీటర్ల చొప్పున ఏడాదికి కావలసినది తొమ్మిదివేల చిల్లర మాత్రమే. అనగా ఒక్క ఏటి వానలో సుమారు నాలుగేండ్ల త్రాగునీరు మన చూరునుండి జారిపోవుచున్నది! తొలి వానను వదలివేసి, మిద్దెను శుభ్రముగా నుంచి, ఇసుక, కంకర పొరలలో వడకట్టి, మూతగల తొట్టిలో పట్టి, క్రిముల బాధ లేకుండ క్లోరిన్ గాని కాచుట గాని చేసినచో అది మేలైన నీరు. తొట్టి నిండిన పిదప మిగిలినదానిని ఇంకుడుగుంటకు మరల్పవచ్చును.

ఊరికి చెరువు చేయు పనియు ఇదియే. కాకతీయుల నాటి పాఖాల, రామప్ప, లక్నవరము చెరువులును, ఒకదాని అలుగు నీరు మరియొకదానికి చేరు గొలుసుకట్టు చెరువులును పంటకొరకే కాదు. వాని క్రింది బావులలో ఊట నిలుచుటకును ఆధారము. చెరువు నిండియున్న నాడు బావి నిస్సారముగా లోతునకు పోదు. వాన నీరు కలియుటచేత ఊట నీటిలోని దోషము పలుచబడును. 2015లో ఆరంభించిన మిషన్ కాకతీయ పథకమున చెరువుల పూడిక తీసినది ఇందుకే. పూడిక తీయుట ప్రభుత్వము పని కావచ్చును. చెరువులో చెత్త పోయకుండుట, శిఖమును ఆక్రమింపకుండుట మన పని.

ఇంటిలోని పొదుపునకు ఒక్క ఉదాహరణము చాలును. కుళాయి కొన సెకనుకొక చుక్క చొప్పున కారుచున్నదనుకొందము. దినమునకు 86,400 చుక్కలు. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరుగా లెక్కించినచో నాలుగు లీటర్లకు పైగా పోవుచున్నది. అది ఒక పసిబిడ్డ యొక్క త్రాగునీటికంటె ఎక్కువ. ఒక తోలు వాషరు దానిని ఆపగలదు.

చివరగా మేము కోరునది ఒక్కటే. మీ ఇంటి గొట్టపుబావి నీటిని ఒకసారి పరీక్ష చేయించుడు. ప్రభుత్వ నీటి పరీక్షాశాలలు జిల్లాలలో కలవు. తేటను చూచి నమ్మవలదు, రుచిని చూచి మురియవలదు. పండ్లలో మచ్చ కనబడిన పిమ్మట చేయు పరీక్ష పెద్దబిడ్డకు ఆలస్యము. చిన్నబిడ్డకు మాత్రము ఇంకను సమయము కలదు. ఆనాడు అరుగుమీద కూర్చున్న అవ్వకు మేము చెప్పినదియు ఇదే. ఆమె ఒక నిమిషము ఊరకుండి, గ్లాసులోని నీటిని తులసికోట మొదట పోసి, లోపలినుండి కుళాయి నీటి బిందె తెమ్మని కోడలిని పిలిచెను.