రెండు ఎన్నికలు, ఒక మనిషి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద, మెడికల్ రీయింబర్స్‌మెంటు మీద నాకంటే బాగా చెప్పేవారు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శి గారు నన్ను "మన జిల్లా పెద్దమనిషి ఎవరి గురించైనా నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అందుకని నీలం సంజీవరెడ్డి గారి గురించి చెప్తాను. నేను ఆయన పార్టీ మనిషిని కాను. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరి చేసినవాణ్ణి, నాకు తెలిసిందల్లా కాగితాలు, సంతకాలు, లెక్కలు. ఆ చూపుతోనే చెప్తాను.

అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టారు. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1949లో అక్కడే మంత్రి అయ్యారు. అంతా పైపైకి పోతున్నదనుకునే వేళ 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది ఎవరో కాదు, సొంత బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు. ఆయన జైల్లో ఉండి గెలిచారు! మా ఊళ్లో పెళ్లిళ్లలో బావ, బావమరుదులు పరాచికాలాడుకున్నప్పుడల్లా ఈ మాట వచ్చేది. ఆ తరువాత ఆంధ్ర రాష్ట్రంలో ఉపముఖ్యమంత్రి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. 1960లో ఆ పదవి వదిలి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1962లో మళ్లీ ముఖ్యమంత్రి.

1964 సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. కర్నూలు జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వపరం చేసే స్కీము మీద ప్రైవేటు బస్సుల వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ముఖ్యమంత్రి గారు రాజకీయ కక్షతో ఇలా చేయించారని ప్రమాణపత్రంలో రాశారు. దానికి జవాబు చెప్పవలసింది ఎవరు? ఎవరి మీద ఆరోపణో వారు. కాని ముఖ్యమంత్రి గారి అఫిడవిట్ దాఖలు కాలేదు. ఖండించలేదు గనుక కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకొని స్కీమును కొట్టివేసింది. పేరావారీ రిమార్కులు పంపి పంపి వేళ్లు అరిగినవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉన్నారు, ఒక్క కాగితం వెళ్లకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన రాజీనామా చేసి దిగిపోయారు. కొందరు దాన్ని త్యాగమన్నారు, కొందరు తప్పదు గనుక దిగారన్నారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాయన మాత్రం "ఆ ఫైలు చూసినవాడెవడో?" అని చాలాకాలం అంటుండేవారు.

కేంద్ర మంత్రిగా ఉండి, 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకరయ్యారు. స్పీకరుకు పార్టీ ఉండకూడదని కాంగ్రెసుకు రాజీనామా ఇచ్చారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. జులైలో బెంగళూరులో కాంగ్రెసు పెద్దలు సంజీవరెడ్డి గారిని అభ్యర్థిగా నిర్ణయించారు. ఇందిరాగాంధీ గారికి ఇది ఇష్టం లేదు, ఆమె జగ్జీవన్ రామ్ గారిని కోరారు. అయినా నామినేషన్ కాగితం మీద ఆమె సంతకం ఉంది. కాగితం మీద సంతకం ఒక దిక్కు, మనసు ఒక దిక్కు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి గారు రాజీనామా చేసి స్వతంత్రుడిగా నిలబడ్డారు. పోలింగు దగ్గరపడ్డాక "అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యండి" అన్నారు ప్రధాని.

అప్పుడు నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఆగస్టు 20న హోటల్ రేడియో ముందు నిలబడి ఫలితం విన్నాను. ఆ లెక్క ఇప్పటికీ నోటికి వచ్చు. మొదటి ప్రాధాన్యం ఓట్ల విలువ గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవాలంటే 4,18,169 రావాలి. రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కించేసరికి వాటిలో ఎక్కువ భాగం రెడ్డి గారికే వచ్చి 4,05,427కు చేరారు. గిరి గారు 4,20,077తో బయటపడ్డారు. తేడా 14,650. నాకు అన్నం సహించలేదు. నాయన పంచె దులుపుకుంటూ "ఎవరు గెలిస్తే ఏం, ఇద్దరూ తెలుగువాళ్లే గదరా" అన్నారు. అన్నారే గాని ఆ రాత్రి ఆయన కూడా సరిగా తినలేదు.

ఆ ఏడాదే కాంగ్రెసు రెండు ముక్కలయింది. సంజీవరెడ్డి గారు ఊరికి వచ్చి సేద్యం చూసుకున్నారు. ఎమర్జెన్సీ తరువాత 1977 మార్చి ఎన్నికల్లో జనతా తరఫున నంద్యాలలో నిలబడ్డారు. రాష్ట్రంలో 42 స్థానాలుంటే 41 కాంగ్రెసుకు పోయాయి, మిగిలిన ఒక్కటి నంద్యాల. మళ్లీ స్పీకరు. ఫకృద్దీన్ అలీ అహ్మద్ గారు ఫిబ్రవరిలో మరణించినందున జులైలో రాష్ట్రపతి ఎన్నిక. 37 మంది నామినేషన్లు వేస్తే పరిశీలనలో 36 చెల్లలేదు. పోటీ లేకుండా ఎన్నికై జులై 25న ప్రమాణం చేశారు. ఎనిమిదేళ్ల కిందట 14,650 తేడాలో పోయినది ఒక్క ఓటూ పడకుండా చేతికొచ్చింది. 1982 దాకా ఉన్నారు. 1979లో చరణ్‌సింగ్ గారి సలహాతో లోక్‌సభను రద్దు చేయడం సరికాదని నా అభిప్రాయం. జగ్జీవన్ రామ్ గారికి ఒక అవకాశం ఇచ్చి ఉండవలసింది. ఇక్కడ ఒప్పుకోనివారుంటారు, టీ దగ్గర మాట్లాడుకుందాం. 1996 జూన్ 1న బెంగళూరులో కాలం చేశారు.

నంద్యాల సంగతి ఒకటి దాటవేశాను. ఆ ఎన్నికల్లో నాకు ఆ నియోజకవర్గంలోనే ఒక పల్లెలో పోలింగు డ్యూటీ పడింది. అప్పుడు ఎల్.డి.సి.ని, ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ముందురోజు రాత్రి పెట్టెలు, సిరా, లక్క, ఇత్తడి సీలు తలకింద పెట్టుకుని బడి అరుగు మీద పడుకున్నాము. నిద్ర పట్టలేదు. 1969లో ఓడిన మనిషి మళ్లీ నిలబడ్డాడు, గెలవాలని లోపల ఒకటే పీకులాట. పైకి మాత్రం ప్రభుత్వ ఉద్యోగిని.

మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చింది. వేలికి సిరా పెట్టించుకుని, నేనిచ్చిన బ్యాలెట్ కాగితం అందుకుని అక్కడే నిలబడింది. "ఏమప్పా, అనంతపురం సంజీవరెడ్డి బొమ్మ యాడుండాదో చూపీ" అంది. ఆవూ దూడా ఒకచోట, చక్రంలో నాగలి పట్టిన రైతు ఒకచోట. నా వేలు కాగితం మీదికి వెళ్లబోయింది. అవతల కాంగ్రెసు ఏజెంటు నన్నే చూస్తున్నాడు. ఆయన చూడకపోయినా చూపేవాణ్ణి కానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గాని, ఆ క్షణంలో నాకే తెలియదు. "నేను చెప్పకూడదమ్మా, లోపలికి పోయి నీకు నచ్చిన బొమ్మ మీద ముద్ర వెయ్యి" అన్నాను.

"చదువుకున్నోడివి గదా, ఈ మాత్రం చెప్పలేవా? మీ అమ్మ అడిగితే ఇట్లే అంటావా?" అని అందరి ముందూ చీవాట్లు పెట్టి తడిక వెనక్కి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కాగితాన్ని నాలుగు మడతలు కాదు, ఎనిమిది మడతలు పెట్టి పెట్టెలో కుక్కింది. ఏ బొమ్మ మీద వేసిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. పోతూ పోతూ ఇంకోసారి నా వైపు కోపంగా చూసింది.