కారు డాష్‌బోర్డులో కంప్యూటరు
(ప్రసంగపాఠము)



సూరత్ నగరమున లింబాయత్ ప్రాంతమునకు వెళ్లినవారికి మగ్గముల చప్పుడుతో పాటు తెలుగుమాటయు వినబడును. సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ వైపులనుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు అచ్చటి పవర్‌లూములపై చిరకాలముగా పనిచేయుచున్నవి. ఆ నేతగాడు పోగును కన్నులతో వెదకడు. పోగు తెగినచోటికి వ్రేళ్లు వానియంతట అవియే పోవును. నేటి ప్రసంగవిషయము కారు డాష్‌బోర్డులో సొంతముగా అమర్చుకొను టచ్‌స్క్రీను కంప్యూటరు. మగ్గమునకును దీనికిని పొత్తేమని అడుగవచ్చును. పొత్తు రెండు విధములుగా కలదు.

మొదటిది, ఆ అద్దమే ఒక నేత. వెనుకటి తెరలలో పలుచని పొరలు రెండుండెడివి. పైపొరను వ్రేలితో నొక్కగా అది క్రిందిపొరకు తగిలి, తగిలిన తావు యంత్రమునకు తెలియుచుండెడిది. నేటి తెరలలో అద్దముమీద ఇండియం, తగరముల ఆక్సైడు పూత సన్నని చారలుగా పరచియుండును. నిలువుచారలు పడుగు, అడ్డచారలు పేక. ఇవి ఒకదానిపై నొకటి పోవునే గాని తగులుకొనవు. రెంటి కూడలియందును స్వల్పమైన విద్యుదావేశము నిలిచియుండును. వ్రేలు దగ్గరకు రాగానే ఆ కూడలియందలి ఆవేశము మారును. ఒక చిన్న చిప్పు సెకనునకు పలుమారులు కూడళ్లనన్నిటిని తడవి చూచి, మార్పు ఎచ్చట కలిగెనో చెప్పును. సూరత్ జరీలో నూలుపోగుపై మెరయు లోహమును ఎక్కింతురు. ఇచ్చట కంటికి కనబడని లోహపుపూతను అద్దముపై ఎక్కింతురు. అయితే ఈ నేతకు నీటిచుక్క గిట్టదు. తడిచేతికిని వానచినుకునకును తడబడును.

ఇది మొన్నటి వింతయు కాదు. ఇంగ్లండులో మాల్వర్న్ నందలి రాయల్ రాడార్ సంస్థకు చెందిన ఇ. ఎ. జాన్సన్ 1965లో ఇట్టి తెరను వర్ణించెను. 1986లో అమెరికా దేశపు బ్యూక్ రివియెరా కారులో, పాత టెలివిజనువంటి గాజుగొట్టముతో చేసిన స్పర్శతెరను అమర్చి అమ్మిరి. 2012లో రాస్‌ప్‌బెరీ పై అను పోస్టుకార్డుకంటె చిన్నదైన కంప్యూటరు వెలువడినది మొదలు ఈ పని ఉత్సాహవంతుల చేతికి వచ్చినది. ఆ పలక ఒకటి, ఏడంగుళముల తెర యొకటి, రేడియో తీసివేసిన గూడు ఒకటి ఉన్న చాలును. పాటలు, వెనుకవైపు కెమెరా, దారిపటము అన్నియు ఒకచోటికి వచ్చును. స్టీరింగు క్రింద నుండు పదునారు సూదుల ఓ.బి.డి. సాకెట్టునుండి ఇంజనువేడిమి మొదలగు వివరములను చదువుకొనవచ్చును.

బదిలీపై సూరత్ చేరిన కుటుంబమునకు ఇందులో దారిపటమే ముఖ్యము. సెలవులకు బయలుదేరి, 53వ జాతీయరహదారిమీద ధూలే, జలగాం, అకోలా దాటి నాగపూరు చేరి, అక్కడనుండి 44వ రహదారిలో ఆదిలాబాదువైపు దిగుదురు. మార్గమధ్యమున సెల్‌ఫోను సంకేతము అందని తావులందును, ముందుగా నింపియుంచిన పటము ఉపగ్రహముల సాయముతో దారి చూపును. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉచితపటములో ఊరిపేరును పలుభాషలలో వ్రాయు వీలు కలదు. తెలుగుపేరు ఎక్కించినచోట తెరపై తెలుగే కనబడును. వెనుకసీటులోని అమ్మమ్మ ఆదిలాబాదు పేరు తానే చదువుకొని "ఇక మన దేశమే" అనగలుగుట చిన్న సంగతి కాదు.

ఇంతవరకు సులభము. కష్టమంతయు విద్యుత్తులోనే యున్నది. అంగడివారు చప్పున దాటవేయునదియు ఇదియే.

కారు బ్యాటరీ 12 వోల్టులదని వాడుక. నిజమునకు ఇంజను నడచునపుడు అది 14 వరకు పోవును. సెల్ఫ్ కొట్టిన క్షణమున 9కి, ఒక్కొక్కప్పుడు ఇంకను క్రిందికి పడును. చిన్న కంప్యూటరుకు కదలని 5 వోల్టులు కావలెను. కావున నడుమ నొక కన్వర్టరు ఉండవలెను. అది 6 వోల్టులకు దిగినను, 30 వోల్టులకు ఎగసినను తొణకనిదై యుండవలెను. చౌకరకము పెట్టినచో తాళము త్రిప్పిన ప్రతిసారి కంప్యూటరు ఆరి వెలుగును.

రెండవ చిక్కు తాళముదే. రేడియోకు విద్యుత్తు తటాలున ఆగినను నష్టము లేదు. కంప్యూటరు అట్లు కాదు. అది కార్డుమీద ఏదియో వ్రాయుచుండగా విద్యుత్తు ఆగినచో వ్రాత చెడి, మరునాడు యంత్రము లేవకపోవచ్చును. అందుచేత రెండు తీగెలు తీసికొందురు. ఒకటి బ్యాటరీనుండి ఎల్లప్పుడును వచ్చునది, రెండవది తాళముతో వచ్చి తాళముతో పోవునది. రెండవది సైగ మాత్రమే చేయును. తాళము తీయగానే కంప్యూటరు తన లెక్కలు ముగించుకొనును. పిదప కొన్ని సెకన్లకు నియంత్రకము మొదటి తీగెను ఆపివేయును.

ఆ ఆపుట జరుగనిచో ఏమగును? కంప్యూటరు అర ఆంపియరు చొప్పున త్రాగినను దినమునకు 12 ఆంపియర్ గంటలు. చిన్నకారు బ్యాటరీలో నిండుగ నున్నను 45 మాత్రమే. సంక్రాంతికి కారును క్వార్టర్సు ముందు నిలిపి రైలులో స్వగ్రామము వెళ్లిన గృహస్థుడు పదిదినములకు తిరిగివచ్చునప్పటికి సెల్ఫ్ టిక్కుమని ఊరకుండును. అతడు బ్యాటరీ అమ్మినవానిని నిందించును. పాపము, వాని తప్పేమియు లేదు.

బ్యాటరీకి చేరువలోనే ఫ్యూజు ఉంచవలెను. తీగె మధ్యలో ఎక్కడ ఒరిసికొన్నను మంట పుట్టకుండుటకు అదియే కాపు. కారు తీగెలను కోసి అతుకుటకంటె అంగళ్లలో దొరకు కప్లర్లను వాడుట మేలు. పసుపురంగు తొడుగుగల తీగెలు సాధారణముగా గాలిసంచులవి. వాని జోలికి పోరాదు.

సూరత్ ఎండను, సూరత్ నీటిని కూడ తలచుకొనవలెను. మే నెలలో అద్దములు మూసి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు చేయి పెట్టలేనంత కాలును. అట్టిచోట లిథియము పవర్‌బ్యాంకును దాచి ఉంచుట ప్రమాదము. ఇక నీరు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీనది పొంగి నగరములో అధికభాగము మునిగినది. కంప్యూటరు పలకను సీటుక్రింద పెట్టుట కొందరి అలవాటు. నీరు కారులో మొదట చేరునది అక్కడికే. గ్లవ్‌బాక్సు వెనుక ఎత్తున బిగించుట నయము. కారు నీట మునిగినచో తాళము త్రిప్పి చూడక, ముందుగా బ్యాటరీ తీగెను విప్పవలెను.

మగ్గముతో రెండవ పొత్తు ఇచ్చట వచ్చును. నేతగాని వ్రేళ్లు కన్నుల సాయము లేకయే పని చేయునంటిమి. పాతరేడియో గుండ్రని మీటయు అట్టిదే, చూడకయే త్రిప్పవచ్చును. నున్నని అద్దమున వ్రేలికి ఆనవాలు లేదు. కన్ను వచ్చి తీరవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున రెండు సెకన్లు తెర చూచినచో కారు 33 మీటర్లు చూడకయే పోయినట్లు. అమెరికా రహదారిభద్రతాశాఖ 2013లో వెలువరించిన సూచనలలో ఒక్కచూపు రెండు సెకన్లకును, ఒకపనికి మొత్తముచూపు పండ్రెండు సెకన్లకును మించరాదని చెప్పినది. 2017 ఆగస్టులో సింగపూరు దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ అను అమెరికా యుద్ధనౌక ఒక వర్తకనౌకను ఢీకొనగా పదిమంది నావికులు మరణించిరి. చుక్కానిని, వేగమును నడుపు స్పర్శతెరలవలన కలిగిన తికమకయు అందుకొక కారణమని విచారణలో తేలినది. తరువాత 2019లో ఆ నౌకాదళము వేగమునకు మరల చేతిమీటలనే పెట్ట నిశ్చయించెను. సముద్రమున సుశిక్షితులకే అట్లయినప్పుడు సూరత్ రింగురోడ్డుపై, ఎదురుగా వచ్చు మోటారుసైకిళ్ల నడుమ, గృహస్థుని మాట చెప్పనక్కరలేదు.

కావున సొంతముగా అమర్చుకొనువాడు శబ్దమునకు ఒక నిజమైన త్రిప్పుడుమీటను తెరప్రక్కనే పెట్టుకొనవలెను. ఆ చిన్నపలకకు దానిని తగిలించుట సులభము, వెలయు స్వల్పము. హారను, వైపరు, దీపములు కారుతో వచ్చిన మీటలతోనే ఉండనీయవలెను. హాండ్‌బ్రేకు లాగినప్పుడు తప్ప సినిమా కనబడకుండ చేయవలెను. పిల్లలు అలిగినను సరే.

పని ముగిసిన పిదప ఒక పరీక్ష మిగిలినది. తాళము తీసి, తలుపులు మూసి, బ్యాటరీ నెగటివు తీగెను విప్పి నడుమ మల్టీమీటరును ఆంపియర్లలో తగిలింపవలెను. మీటరు తగిలించియుండగా సెల్ఫ్ కొట్టరాదు. అరగంటకు లెక్క 50 మిల్లీ ఆంపియర్లకు లోపల నిలిచినచో సరి. నిలువనిచో ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూడవలెను. ఏది తీసినప్పుడు అంకె పడిపోవునో, తప్పు ఆ తీగెవెంట ఉన్నది.