ఐదు రూపాయల బిస్కెట్ పాకెట్, లక్షన్నర కోట్ల రాయితీ

(ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'ఉద్దీపన పేరుతో పన్ను రాయితీలు – సామాన్యునికి ఒరిగిందేమిటి'. పేరు వింటేనే సగం మందికి నిద్ర వస్తదని నాకు తెలుసు. అందుకే బడ్జెట్ పుస్తకం పక్కన పెట్టి బిస్కెట్ పాకెట్‌తోని మొదలుపెడత.

2019 ఆగస్టు యాదికి తెచ్చుకోండి. కార్లు అమ్ముడుపోతలేవు, షోరూములు మూతపడుతున్నయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల వృద్ధి 5 శాతానికి పడిపోయిందని ఆ నెలాఖరుకు ప్రభుత్వమే ప్రకటించింది. అప్పుడే పార్లే కంపెనీ వాళ్లు ఒక మాట అన్నరు. పల్లెల్లో ఐదు రూపాయల పాకెట్లు అమ్ముడుపోవడం తగ్గింది, పన్ను తగ్గించకపోతే పదివేల మంది దాకా పని పోయే పరిస్థితి రావచ్చు అని. జీఎస్టీకి ముందు కిలో వంద రూపాయల లోపు బిస్కెట్లకు ఎక్సైజ్ సుంకం లేకుండె. జీఎస్టీ వచ్చినంక చౌక బిస్కెట్‌ను, ఖరీదు బిస్కెట్‌ను ఒకే గాటన కట్టి 18 శాతంలో పడేసిండ్రు.

కూలికి పోయివచ్చే తల్లి పొద్దుగూకి ఇంటికొస్తూ పిల్లల కోసం కొనే పాకెట్ అది. దానికి కూడా ఆమె చేతిలో పైసలు ఆడుతలేవంటే రోగం ఎక్కడున్నదో చెప్పడానికి పెద్ద డాక్టరు అక్కర్లేదు.

మరి మందు ఎవరికి పోసిండ్రు? అదే ఏడాది సెప్టెంబర్ 20న ఆర్థిక మంత్రి కంపెనీల పన్ను తగ్గించిండ్రు. ఇతర మినహాయింపులు వదులుకుంటే 30 శాతం కాదు, 22 శాతం కడితే చాలు. కొత్తగా ఫ్యాక్టరీ పెట్టే కంపెనీలకు 15 శాతమే. దీనివల్ల ఖజానాకు ఏటా 1 లక్షా 45 వేల కోట్లు తగ్గుతదని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ ఒక్కరోజే సెన్సెక్స్ 1,921 పాయింట్లు ఎగిరింది. బిస్కెట్ మీద 18 శాతం మాత్రం కదలలేదు.

లక్షా 45 వేల కోట్లంటే ఎంత? మరుసటి ఏడాది, 2020-21 బడ్జెట్‌లో దేశం మొత్తం ఉపాధి హామీ పనులకు పెట్టింది 61,500 కోట్లు. అంటే ఊరూరా మట్టి మోసినోళ్ల కూలికి రెండింతలకన్నా ఎక్కువ.

కంపెనీకి పన్ను మిగిలితే ఫ్యాక్టరీ పెడతది, కొలువులు ఇస్తది, జీతాలు పెంచుతది అన్నది వాదన. వినడానికి బాగనే ఉంటది. కానీ ఏ యజమాని అయినా ఫ్యాక్టరీ ఎప్పుడు పెడతడు? సరుకు కొనేటోడు ఉన్నప్పుడు. ఉన్న మిషన్లే సగం ఖాళీగ నడుస్తుంటే, పన్ను మిగిలిందని ఇంకో మిషన్ ఎవడు కొంటడు? మిగిలిన పైసలతోని అప్పు తీర్చుకుంటడు, వాటాదారులకు పంచుకుంటడు. తప్పు ఆయనది కాదు. జీతాలు పెంచితేనే రాయితీ అని ఆ ఆర్డినెన్స్‌లో ఒక్క షరతు అన్నా పెట్టలేదు కదా!

ఫలితం కూడా నా మాటగా చెప్పను, సర్కారు కాగితంలోనే చూద్దాం. కార్పొరేట్ పన్ను వసూళ్లు 2018-19లో 6 లక్షల 63 వేల కోట్లు. 2019-20లో 5 లక్షల 57 వేల కోట్లు. కరోనా వల్ల అంటరేమో. లాక్‌డౌన్ పడింది ఆ ఆర్థిక సంవత్సరం చివరి వారంలో. 2020-21 వచ్చేసరికి వ్యక్తులు కట్టే ఆదాయపు పన్ను, కంపెనీలు కట్టే పన్నును దాటిపోయింది. 2023-24 ఆర్థిక సర్వే ఇంకో సంగతి రాసింది. 33 వేలకు పైగా కంపెనీల లెక్కలు తీస్తే, 2020 నుంచి 2023 ఆర్థిక సంవత్సరాల మధ్య పన్నుకు ముందు లాభం దాదాపు నాలుగింతలైంది, కొలువులు, జీతాలు మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదట. మరుసటి ఏడాది సర్వే ఇంకా సూటిగా చెప్పింది: 2023-24లో పెద్ద కంపెనీల లాభం 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. ఈ మాట అన్నది ఎర్రజెండా యూనియన్ కాదు, ఆర్థిక శాఖ.

ఇక నిధుల ముచ్చట. నీళ్లు, నిధులు, నియామకాలు అని ఊరూరా తిరిగి చెప్పినోళ్లం మనం, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుత. కంపెనీల పన్ను కేంద్రం ఒక్కదాని సొత్తు కాదు. అది రాష్ట్రాలతో పంచుకునే పన్ను. అప్పటి లెక్కన వసూలైన దాంట్లో 42 శాతం రాష్ట్రాలది, ఆ 42లో తెలంగాణ వాటా 2.437 శాతం. లక్షా 45 వేల కోట్లు వదిలేస్తే, కాగితం మీది లెక్క ప్రకారం ఒక ఏడాదికి మనకు తగ్గేది దాదాపు 1,480 కోట్లు. ఢిల్లీ వాళ్లు విందు ఇచ్చిండ్రు, బిల్లులో మన పేరు కూడా రాసిండ్రు.

వదిలేసిన పన్ను ఎక్కడినుంచి పూడ్చుకున్నరు? పెట్రోలు బంకు కాడ. 2020లో ప్రపంచ మార్కెట్‌లో ముడి చమురు ధర పాతాళానికి పడ్డది. ఆ లాభం జనానికి రావాలె. కానీ మార్చిలో లీటరుకు 3 రూపాయలు, మే నెలలో పెట్రోలుకు ఇంకో 10, డీజిలుకు 13 రూపాయలు సుంకం పెంచిండ్రు. మరుసటి ఏడాది జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద దాటింది. ఇందులో ఇంకో కిటుకు ఉన్నది. 2021 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం తీసుకున్నది 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలకు వాటా ఉన్నది 1 రూపాయి 40 పైసల మీదనే. మిగతాదంతా సెస్సు, అదనపు సుంకం. అంటే పంచుకునే పన్ను తగ్గించిండ్రు, పంచుకోని పన్ను పెంచిండ్రు. 2021 నవంబర్‌లో, 2022 మేలో ఆ సుంకం కొంత దించిన మాట నిజమే. కానీ రెండేండ్లు బండి నడుపుకొని బతికినోడు కట్టింది కట్టిందే.

ఉద్యోగులకు ఆ కాలంలో దక్కిన ఉద్దీపన మీకు గుర్తుండే ఉంటది. 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా కేంద్రం డీఏ ఆపేసింది, మూడు విడతలు. ఆ 18 నెలల బకాయి ఇయ్యనే లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో ఎల్‌టీసీ క్యాష్ వోచర్ అని ఒక పథకం పెట్టిండ్రు. 12 శాతం, ఆపైన జీఎస్టీ ఉన్న వస్తువులను టికెట్ ఖర్చుకు మూడింతల పైసలతోని కొంటే, మనకు రావాల్సిన ప్రయాణ ఖర్చు మనకిస్తరట. డీఏ ఆపినోళ్లే ఫ్రిజ్ కొనుక్కో అన్నరు. (నవ్వులు)

ఇప్పుడు మనకు కొంచెం చేదుగా ఉండే మాట చెప్పాలె. 2025 బడ్జెట్‌లో కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేకుండ చేసిండ్రు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12 లక్షల 75 వేలు. ఖజానాకు లక్ష కోట్ల దాకా లోటు. 12 లక్షల ఆదాయం ఉన్నవాళ్లకు ఏడాదికి 80 వేలు మిగులుతయి. ఈ హాలులో చాలామంది సంతోషించిండ్రు, నేను కూడా. తప్పేం లేదు, ఏండ్ల తరబడి కట్టినోళ్లం. కానీ మన ఆఫీసులో ఫైళ్లు మోసే అవుట్‌సోర్సింగ్ తమ్మునికి ఎంత మిగిలింది? సున్నా. ఆయన ఆదాయపు పన్ను కట్టేంత జీతం ఎన్నడూ చూడలేదు. ఈ దేశంలో రిటర్ను వేసేటోళ్లే ఏడెనిమిది కోట్లు, అందులో సగానికి పైగా మంది పన్ను సున్నా. ఆదాయపు పన్ను ఎంత తగ్గించినా అది కట్టనోని ఇంటి గడప దాటదు. ఆయన కట్టేది సబ్బు మీద, పెట్రోలు మీద, సెల్‌ఫోన్ రీచార్జి మీద.

అట్లయితే జీఎస్టీ తగ్గింది కదా అంటరు. తగ్గింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ మీద 18 పోయి 5 శాతం అయింది. ఆరేండ్ల కింద అడిగిన మందు అది. దండుగ అని నేను అంటలేను. కంపెనీల పన్ను కన్నా ఇది నయం, మనిషి చేతికి దగ్గరిది. కానీ పన్ను తగ్గితే ధర తగ్గుతదని ఎవరు పూచీ? ఐదు రూపాయల పాకెట్ ధర దించడానికి చిల్లర ఇబ్బంది, బదులుగా బరువు పెంచుతం అని కొన్ని కంపెనీలు అన్నయి. తూకం వేసి చూసేదెవరు?

2017 నవంబర్ సంగతి చూడండి. హోటళ్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దించిండ్రు. ఇన్‌పుట్ క్రెడిట్ పోయిందని చెప్పి చాలా హోటళ్లు మెనూ కార్డు మీద రేటు పెంచినయి. బిల్లు కింద పన్ను తగ్గింది, బిల్లు మాత్రం తగ్గలేదు. ఇట్లాంటివి అడగడానికే ఆ నెలలో లాభాపేక్ష నిరోధక సంస్థ ఒకటి పెట్టిండ్రు. 2022 డిసెంబర్‌లో ఆ పని కాంపిటిషన్ కమిషన్‌కు అప్పజెప్పిండ్రు, తర్వాత ట్రిబ్యునల్‌కు మార్చిండ్రు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడమే బందయింది. సరిగ్గా ఆరు నెలలు నిండకముందే అతిపెద్ద పన్ను తగ్గింపు వచ్చింది! కాపలాదారును ఇంటికి పంపి గోదాము తలుపు తెరిచినట్టు. మిగిలింది వినియోగదారుల హెల్ప్‌లైన్ ఒక్కటే.

మరి సామాన్యునికి నిజంగా అందింది ఏది? లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి ఊళ్లకు చేరినప్పుడు ఉపాధి హామీకి ఇంకో 40 వేల కోట్లు కలిపిండ్రు. ఆ ఏడాది ఖర్చు లక్షా పదివేల కోట్లు దాటింది. ఆ కూలి పైసలు పడ్డ వారంలోనే కిరాణా కొట్టుకు పోయినయి, బియ్యానికి, నూనెకు, మన బిస్కెట్ పాకెట్‌కు. ఆ పైసకు పన్ను ఆఫీసు చుట్టూ తిరిగే పని లేదు.

టైము అయిందని అధ్యక్షులు చీటీ పంపిండ్రు. ఒక్క పని చెప్పి దిగుత. 2025 సెప్టెంబర్ 22కు ముందువి, తర్వాతవి మీ ఇంట్ల కిరాణా చిట్టీలు ఉంటే వచ్చే సమావేశానికి తీసుకొని రండి. అవే సబ్బులు, అదే నూనె, అదే టీ పొడి. ధరతోపాటు పాకెట్ మీద బరువు కూడా రాసుకోండి. అవుట్‌సోర్సింగ్ తమ్ముళ్లను, క్యాంటీన్ అక్కను కూడా తేమనండి. నా చిట్టీలు నేను తెస్త. అన్నీ ఒక్కకాడ పరిచి చూద్దాం.